గోల్ ఆగిన హిసాబ్ ఎవరు రాస్తారు?



ఈసారి బహస్ ఫుట్‌బాల్ మీద. సియాసత్ మీద రాయమని కొందరు, షాదీ ఖర్చుల మీద రాయమని కొందరు మెసేజ్‌లు పెట్టారు. అవి ఎక్కడికీ పోవు, ఇన్షా అల్లాహ్ వచ్చే వారాల్లో రాస్తాను. ఇది మాత్రం ఆగేలా లేదు. ఆట అనుకుని మొదలుపెట్టిన మాట మన తారీఖ్ దాకా వెళ్లింది.

చల్లపల్లిలో మా కుర్రాళ్లు కొందరు ఫోన్లో ఒక లీగ్ నడుపుతున్నారు. ఇందులో ఎవరూ మైదాన్‌లోకి దిగరు, బూటుకి మట్టి అంటదు. వేర్వేరు జమానాల టీములను గేములోకి ఎక్కిస్తారు, మ్యాచులు కంప్యూటరే ఆడేస్తుంది, వీళ్లు స్కోర్లు నోట్‌బుక్‌లో రాసుకుంటారు. అలా చాలా సీజన్లు గడిచాయి. ఇప్పుడు వాళ్ల మధ్య పెద్ద జగడా. మొత్తం లీగ్ తారీఖ్‌లో అందరికంటే గట్టి డిఫెన్స్ ఎవరిది? ఒకడు చెల్సీ అంటాడు, ఒకడు మిలాన్ అంటాడు, ఇంకొకడు మొరాకో తప్ప ఇంకో పేరు విననంటాడు. పేపర్లో పనిచేసే మామూకి అన్నీ తెలుసని వాళ్ల గుమాన్ కదా, ఫైసలా నన్ను చెప్పమన్నారు.

వాళ్ల తరీఖా సాదాగా ఉంది. ఎవరు తక్కువ గోల్స్ తింటే వాళ్లే గొప్ప. నేను ఈ తరీఖాతో ఇత్తెఫాక్ కాను. తిన్న గోల్స్ ఒక్కటే లెక్కపెట్టేవాడికి డిఫెన్స్ అర్థం కాదు. మన సొంత ఉస్తాదులను మనమే జీరోల కింద జమ కట్టుకున్నది కూడా ఈ లెక్క వల్లనే.

ముందు ఆ కంప్యూటర్ ఏం చేస్తుందో చూద్దాం. ఇందులో జాదూ ఏమీ లేదు. ప్రతి ఆటగాడికీ కొన్ని నంబర్లు ఉంటాయి. పరుగుకి ఒకటి, షాట్‌కి ఒకటి, బంతి లాక్కోవడానికి ఒకటి. ఒక టీము అటాక్ నంబర్లను అవతలి టీము డిఫెన్స్ నంబర్లతో తూకం వేస్తుంది, దాని మీద పాచికలు విసిరినట్టు కొంచెం కిస్మత్ కలుపుతుంది, స్కోరు చెబుతుంది. ఫుట్‌బాల్‌లో గోల్స్ పడేదే తక్కువ, కాబట్టి ఆ కిస్మత్ వాటా పెద్దది. అదే రెండు టీములను పదిసార్లు ఆడించండి, పది రకాల స్కోర్లు వస్తాయి. ఒక సీజన్‌లో ఒక టీము తక్కువ గోల్స్ తినిందంటే అందులో హునర్ ఎంతో, పాచిక ఎంతో విడదీయడం కష్టం.

ఇంకో సంగతి. గేములు తయారుచేసేవాళ్లకు గోల్ కొట్టేవాడి మీద ఉన్న మొహబ్బత్ గోల్ ఆపేవాడి మీద ఉండదు. ఇంగ్లండ్ ప్రీమియర్ లీగ్ ఫ్యాంటసీ ఆటనే చూడండి. డిఫెండర్ గోల్ కొడితే 6 పాయింట్లు. మ్యాచ్ మొత్తం కాపు కాసి ఒక్క గోలూ పడనివ్వకపోతే 4. రెండు గోల్స్ పడితే ఒక పాయింటు కోత. బంతిని లాక్కున్నా, అడ్డుపడినా, దూరంగా తన్నినా వాటికంటూ నేరుగా పాయింట్లు ఇవ్వని ఆట అది. 2025-26 సీజన్‌లో మాత్రమే, అలాంటి పనులు ఒక మ్యాచ్‌లో 10 చేసిన డిఫెండర్‌కి 2 పాయింట్లు ఇవ్వడం మొదలుపెట్టారు. కాపలావాడి మెహనత్ కూడా మెహనతేనని ఒప్పుకోవడానికి దునియాకి అంతకాలం పట్టింది.

మన డెల్టావాళ్లకు ఇది కొత్త కాదు. కృష్ణ కరకట్ట ఎన్ని వరదలను ఆపిందో ఎవరైనా చెప్పగలరా? ఆగిన వరద ఎవరికీ యాద్ ఉండదు. 2024 సెప్టెంబరులో బుడమేరుకు గండ్లు పడి బెజవాడ సింగ్‌నగర్ మునిగింది, అది మాత్రం అందరికీ యాద్ ఉంది. మా చల్లపల్లిలోనే 2014 నుంచి స్వచ్ఛ చల్లపల్లి కార్యకర్తలు తెల్లవారకముందే లేచి రోడ్లు ఊడుస్తున్నారు. వాళ్ల వల్ల రాకుండా పోయిన జ్వరాలను ఏ రిజిస్టర్‌లో రాస్తారు? ఆపేవాడి పని కామ్యాబ్ అయితే కనిపించేది ఏమీ ఉండదు. డిఫెండర్ నసీబ్ కూడా అంతే.

మరి డిఫెన్స్‌ను దేనితో కొలవాలి? నా దగ్గర మూడు సవాళ్లున్నాయి. ఎదురుగా ఎవరున్నారు? గండి పడిన రోజు ఎవరు నిలబడ్డారు? ఆ గోడ చాటున టీము ఏం సాధించింది, ఎంతకాలం సాధించింది?

కుర్రాళ్లు చెప్పిన టీములనే ఈ తరాజూలో వేద్దాం.

చెల్సీ, 2004-05. 38 మ్యాచుల్లో తిన్నవి 15 గోల్స్. 25 మ్యాచుల్లో ఒక్క గోలూ పడలేదు. లీగ్ గెలిచింది. నంబర్ల ప్రకారం దీని ముందు నిలబడేవాళ్లు తక్కువే. ఎదురుగా ఉన్నది కూడా చిన్నా చితకా లీగ్ కాదు. సరే, మొదటి సవాల్‌కి జవాబు ఉంది.

మిలాన్, 1993-94. ఇటలీ లీగ్‌లో 34 మ్యాచులకు ఇదీ 15 గోల్సే తిన్నది. అసలు తమాషా ఏమిటంటే, ఈ టీము కొట్టినవి కూడా 36 గోల్సే. మ్యాచుకి ఒకటి కంటే కొంచెం ఎక్కువ. అయినా లీగ్ గెలిచింది. ఆ ఏడాదే యూరప్ ఫైనల్‌లో బార్సిలోనా ఎదురైంది. అప్పుడు గోడలో రెండు పెద్ద రాళ్లు, బరేసీ, కోస్తాకుర్తా, సస్పెన్షన్ వల్ల ఆ మ్యాచ్ ఆడలేకపోయారు. అందరూ మిలాన్ ఖతం అన్నారు. ఎడమవైపు ఆడే మల్దీనీని మధ్యలోకి తెచ్చారు, పక్కన గల్లీని నిలబెట్టారు. స్కోరు 4-0, మిలాన్ గెలిచింది. రెండో సవాల్‌కి ఇంతకంటే మంచి జవాబు నేను చూడలేదు. మనుషులు లేకపోయినా గోడ నిలబడిందంటే, ఆ గోడ మనుషుల్లో కాదు, వాళ్ల మధ్య ఉన్న సమఝ్‌లో ఉంది.

మొరాకో, 2022 ఖతర్ వరల్డ్ కప్. ఈ పేరు చెబితే మన ఇళ్లల్లో ఆడవాళ్లకు కూడా కళ్లు మెరుస్తాయి. మ్యాచ్ అయ్యాక ఆటగాళ్లు వెళ్లి అమ్మీలను కావలించుకున్న ఫొటోలు ఎన్ని ఫోన్లలో తిరిగాయో. జజ్బాత్ పక్కనపెట్టి చూసినా దాని డిఫెన్స్ గొప్పదే. క్రొయేషియా, బెల్జియం, కెనడా, స్పెయిన్, పోర్చుగల్. ఈ ఐదుగురి మీద తిన్నది ఒక్క గోల్, అదీ సొంత ఆటగాడి కాలికి తగిలి లోపలికి వెళ్లింది. పెనాల్టీల్లో కూడా బోనో ముందు స్పెయిన్ ఒక్కటీ కొట్టలేకపోయింది. సెమీఫైనల్ వచ్చేసరికి దెబ్బలు మొదలయ్యాయి. అగర్డ్ ఫ్రాన్స్‌తో మ్యాచ్‌కి ముందే తప్పుకున్నాడు, కెప్టెన్ సైస్ 21వ నిమిషంలో బయటికొచ్చాడు. 0-2తో ఓడింది. గండి పూడ్చడానికి మనుషులు సరిపోలేదు. ఇది మొరాకోకి నామోషీ ఏమీ కాదు. కానీ తరాజూ తరాజూయే.

ఇప్పుడు కుర్రాళ్లు తమ నోట్‌బుక్‌లో చేర్చని ఒక టీము చెబుతాను. 2006 వరల్డ్ కప్‌లో స్విట్జర్లాండ్ నాలుగు మ్యాచులు ఆడి ఒక్క గోలూ తినలేదు. పెనాల్టీల్లో యుక్రెయిన్ చేతిలో ఓడి ఇంటికి పోయింది. అదే కప్‌లో ఇటలీ రెండు గోల్స్ తిని, కప్పు ఎత్తింది. "తక్కువ తిన్నవాడే గొప్ప" అనే ఉసూల్ ప్రకారం స్విట్జర్లాండ్ ముందు ఇటలీ తలవంచాలి. మీలో ఎవరైనా ఒప్పుకుంటారా?

మన దేశంలోనూ ఇలాంటి మిసాల్ ఉంది. 1972లో కలకత్తా లీగ్‌ను ఈస్ట్ బెంగాల్ ఒక్క గోల్ కూడా తినకుండా గెలిచింది. మన హైదరాబాదీ మహమ్మద్ హబీబ్ ఆడిన టీము అది. మరి 15 గోల్స్ తిన్న చెల్సీ కంటే సున్నా తిన్న ఈస్ట్ బెంగాల్ గొప్పదా? కాగితం మీద అవును. కానీ ఆ లీగ్‌లో దానికి సరిసమానంగా నిలిచే టీములు వేళ్ల మీద లెక్కపెట్టేన్ని. మొదటి సవాల్ అందుకే పెట్టాను. ఇన్సాఫ్ అంటే మనవాళ్లనూ అదే తరాజూలో తూచడం.

ఇక నా ఫైసలా. లోకమంతా ఎరిగిన వాటిలో 1994 మిలాన్‌కి నా ఓటు. కానీ మూడు సవాళ్లూ కలిపి అడిగితే నాకు ఇంకో గోడ కనిపిస్తుంది. ఆ గోడ ఫోన్ గేములో లేదు. అది మర్హూమ్ సయ్యద్ అబ్దుల్ రహీం సాబ్ కట్టిన గోడ.

రహీం సాబ్ 1909లో హైదరాబాద్‌లో పుట్టారు. పేషా టీచర్. మన పిల్లలకు ఆయన పేరు 2024లో వచ్చిన 'మైదాన్' సినిమాతో తెలిసింది. అప్పటికి ఆయన ఇంతెఖాల్ అయి అరవై ఏళ్లు దాటింది. హైదరాబాద్ సిటీ పోలీస్ టీముకి ఆయన ఉస్తాద్. ఆ టీము 1950 నుంచి 1954 దాకా వరుసగా ఐదేళ్లు బొంబాయి రోవర్స్ కప్ గెలిచింది. 1950లో ఢిల్లీ డ్యూరాండ్ కప్ ఫైనల్‌లో మోహన్ బగాన్‌తో మొదటి మ్యాచ్ సమానమైతే, మళ్లీ ఆడి 1-0తో గెలిచింది. 1954, 1957లో మళ్లీ డ్యూరాండ్. 1961లో ఆంధ్రప్రదేశ్ పోలీస్ పేరుతో ఇంకోసారి. ఇక్కడ మన కోస్తావాళ్లు ఒక సంగతి గుర్తుపెట్టుకోవాలి. 1956 నవంబరులో రాష్ట్రాలు కలిశాక ఆ టీము చల్లపల్లివాడికీ సొంత టీమే అయింది. 2014లో రాష్ట్రం రెండైనా ఆ విరాసత్‌లో మన హిస్సా పోదు.

ఆ గోడలో ఎవరున్నారు? సయ్యద్ ఖాజా అజీజుద్దీన్, నూర్ మహమ్మద్. ఇద్దరూ 1952 హెల్సింకీ, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్ వెళ్లారు. గోల్ ముందు పీటర్ తంగరాజ్ ఆడింది ఫౌజీ టీములకు, కానీ పుట్టింది హైదరాబాద్‌లో. తర్వాతి తరంలో సయ్యద్ నయీముద్దీన్, 1970 బ్యాంకాక్ ఏషియాడ్‌లో కంచు పతకం తెచ్చిన ఇండియా కెప్టెన్. ఆయనా డిఫెండరే, ఆయనా హైదరాబాదీయే.

ఇక్కడ ఒక కుర్రాడు నన్ను పట్టుకున్నాడు. "మామూ, గూగుల్‌లో చూశా. 1952లో యుగోస్లావియా మనకి పది గోల్స్ కొట్టింది. పది! దీన్ని గోడ అంటారా?"

సవాల్ జాయిజే. దాచాల్సిన పని లేదు. హెల్సింకీలో స్కోరు 10-1. చలిలో, తడి గడ్డి మీద, మనవాళ్లు చాలామంది బూట్లు లేకుండా ఆడారు. అవతల ఉన్నది ఆ ఒలింపిక్స్‌లో ఫైనల్ దాకా వెళ్లిన జట్టు. గండి కాదు, కరకట్టే కొట్టుకుపోయింది. మరి ఆ తర్వాత ఏమైంది? ఆ ఓటమి తర్వాత దేశంలో బూట్లు తప్పనిసరి అయ్యాయి. రహీం సాబ్ లోకంలో మేలైన జట్లు ఎలా నిలబడుతున్నాయో చూసి, మన ఆటను ఆ తీరుకి మార్చుకుంటూ వచ్చారు. నాలుగేళ్ల తర్వాత మెల్‌బోర్న్ సెమీఫైనల్‌లో అదే యుగోస్లావియా ఎదురైంది. సగం ఆట అయ్యేసరికి స్కోరు 0-0. 52వ నిమిషంలో నెవిల్ డిసౌజా గోల్‌తో మనమే ముందు. చివరికి 1-4తో ఓడాం, నాలుగు గోల్స్‌లో ఒకటి మనవాళ్లే పొరపాటున వేసుకున్నది. యుగోస్లావియా ఈసారి కూడా ఫైనల్‌కి వెళ్లింది. పది నుంచి నాలుగుకి, అదీ అదే దుష్మన్ మీద. కంప్యూటర్ ఈ రెండింటినీ 'ఓటమి' అనే ఒకే గడిలో వేస్తుంది. నాకు ఆ రెండు స్కోర్ల మధ్య ఒక ఉస్తాద్ నాలుగేళ్ల మెహనత్ కనిపిస్తుంది.

ఇక 1962 జకార్తా ఏషియాడ్. మొదటి మ్యాచ్‌లోనే దక్షిణ కొరియా మీద 0-2. తర్వాత థాయిలాండ్‌ను 4-1, జపాన్‌ను 2-0తో ఓడించారు. థాయిలాండ్‌తో ఆటలో మన డిఫెన్స్‌కి వెన్నెముక లాంటి జర్నైల్ సింగ్ తల పగిలింది, కుట్లు పడ్డాయి. గండి పడిన రోజు అంటే ఇదే. రహీం సాబ్ ఏం చేశారు? తలకి కట్టుతో ఉన్న ఆ డిఫెండర్‌ను తీసుకెళ్లి ముందు వరుసలో నిలబెట్టారు. వెనక గోడను మిగతావాళ్లతో సర్దారు. సెమీస్‌లో దక్షిణ వియత్నాం మీద 3-2. ఫైనల్‌లో మళ్లీ కొరియా. మన దేశంపై కోపంతో ఉన్న లక్షమంది స్టేడియంలో గోల చేస్తుంటే, గోల్‌లో పొడగరి తంగరాజ్‌ను దింపారు. పీకే బెనర్జీ ఒకటి, జర్నైల్ ఒకటి కొట్టారు. కొరియా 85వ నిమిషంలో ఒకటి తిరిగి కొట్టగలిగింది. 2-1, బంగారు పతకం.

లెక్క చూడండి. ఐదు మ్యాచుల్లో ఇండియా తిన్నవి 6 గోల్స్. మా కుర్రాళ్ల నోట్‌బుక్‌లో ఇది డిఫెన్స్‌ల జాబితాలో అట్టడుగున ఉండాలి. కానీ ఆ టోర్నీలో మన గోడను మొదట బద్దలుకొట్టిన జట్టే ఫైనల్‌లో 85 నిమిషాలు ఆ గోడ దాటలేకపోయింది. ఆ ఉస్తాద్‌కి అప్పటికే కేన్సర్. 1963 జూన్‌లో ఆయన వెళ్లిపోయారు. ఆ తర్వాత ఏషియాడ్ ఫుట్‌బాల్‌లో ఇండియాకి మళ్లీ బంగారం రాలేదు. మూడో సవాల్‌కి ఇది జవాబు. ఆ గోడ ఉన్నన్నాళ్లు ఏం వచ్చిందో, అది పోయాక ఏం రాలేదో రెండూ మన ముందే ఉన్నాయి.

ఇప్పుడు కుర్రాళ్ల అసలు ప్రశ్న. "మామూ, అజీజుద్దీన్ కార్డు గేములో లేదు. మరి ఆయన్ని ఎలా ఆడించాలి?" లేదు, నిజమే. ఆ రోజుల్లో ఒక డిఫెండర్ ఎన్నిసార్లు బంతి లాక్కున్నాడో ఎవరూ లెక్కపెట్టలేదు. లెక్క లేకపోతే నంబర్ లేదు. నంబర్ లేకపోతే కార్డు లేదు. కార్డు లేకపోతే ఈ జమానా పిల్లవాడికి ఆ మనిషే లేడు. ఇది మల్దీనీకి జరగదు. ఆయన ఆట వీడియోలుగా భద్రంగా ఉంది. మన అజీజుద్దీన్ ఆట మాత్రం చూసినవాళ్ల కళ్లల్లో ఉంది. ఆ కళ్లు ఒక్కొక్కటే మూతపడుతున్నాయి. రహీం సాబ్ కొడుకు, స్వయంగా రోమ్ ఒలింపిక్స్ టీములో ఉన్న హకీం సాబ్ 2021లో, తులసీదాస్ బలరాం, హబీబ్ 2023లో వెళ్లిపోయారు. ఆ జట్ల దగ్గర కూర్చుని, ఆ మాటలు విని పెరిగిన గవాహ్‌లు వాళ్లు.

మరి క్లబ్బులు ఈ విరాసత్ కాపాడతాయా? హైదరాబాద్ ఎఫ్‌సీ 2022 మార్చిలో ఇండియన్ సూపర్ లీగ్ గెలిచింది. ఫైనల్‌లో పెనాల్టీలు ఆపి గెలిపించింది గోల్‌కీపర్ కట్టిమణి. మూడేళ్లు తిరక్కుండా జీతాల గొడవలు, అప్పులు. 2025లో ఆ క్లబ్బు పేరు మార్చుకుని ఢిల్లీ వెళ్లిపోయింది. హైదరాబాద్ పేరుతో ఇప్పుడు ఆ లీగ్‌లో ఎవరూ లేరు. ఎవరో వచ్చి మన తారీఖ్ రాస్తారని కూర్చుంటే ఇలాగే ఉంటుంది.

కాబట్టి నా గుజారిష్ రెండు ముక్కలు. పిల్లలూ, గేములో కొత్త ఆటగాణ్ని తయారుచేసుకునే వీలుంటే అజీజుద్దీన్‌ను, నూర్ మహమ్మద్‌ను, నయీముద్దీన్‌ను మీరే తయారుచేయండి. నంబర్లు ఎంత వేయాలో తెలియాలంటే వాళ్ల గురించి చదవాలి, అడగాలి. ఆ బహానాతోనైనా చదువుతారు. పెద్దలూ, మీ ఇంట్లో పోలీసులోనో, రైల్వేలోనో పనిచేసి రిటైరైన దాదా, నానా ఎవరైనా ఆ జమానా ఆట చూసి ఉంటే, ఈ జుమా నమాజ్ అయ్యాక పక్కన కూర్చుని ఫోన్‌లో ఆయన మాట రికార్డ్ చేయండి. ఏ ఏడాది, ఏ మైదాన్, ఎవరు ఎవరిని ఆపారు, అంతే. ఉర్దూలో చెప్పినా సరే, తెలుగులో చెప్పినా సరే, రెండూ కలిపి మన బెజవాడ బోలీలో చెప్పినా సరే. నాకు పంపితే పేరుతో సహా ఇక్కడే వేస్తాను.

కుర్రాళ్ల జగడా మాత్రం ఇంకా తెగలేదు. వచ్చే సీజన్‌లో మొరాకోని, మిలాన్‌ని, హైదరాబాద్ సిటీ పోలీస్‌ని ఒకే గ్రూపులో వేస్తామంటున్నారు. స్కోరు ఏదైనా రానీ. ఆ నోట్‌బుక్‌లో హైదరాబాద్ సిటీ పోలీస్ అనే పేరు పడుతుంది, నాకు అది చాలు.